అమీర్‌పేట సి నోట్స్ సమీక్ష: అక్షరం వెతికే ప్రోగ్రాం ఉన్న ఆ నాలుగు పేజీలు

అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల సందుల్లో ఏ జిరాక్సు షాపు ముందు నిలబడి "సి నోట్స్" (సి ప్రోగ్రామింగ్ భాష నోట్స్) అన్నా, ఏ సార్‌ది కావాలని అడిగి స్పైరల్ బైండింగ్ పుస్తకం ఒకటి తీసి చేతిలో పెడతారు. క్లాసులో బోర్డు మీద చెప్పినదాన్ని ఎవరో మంచి దస్తూరీతో రాసుకున్న రన్నింగ్ నోట్స్ అది. దానికి జిరాక్సు, ఆ జిరాక్సుకు మళ్లీ జిరాక్సు. కవరు మీద రాసినవాళ్ల పేరు గానీ, ఏ ఏడాదిదన్న సంగతి గానీ ఉండదు. ఇంజనీరింగ్ మొదటి ఏడాది పిల్లలు, డిగ్రీ అయ్యాక హాస్టల్లో ఉండి ఉద్యోగం వెతుక్కునేవాళ్లు ఎక్కువగా చదివేది ఇలాంటివే. వాటిలో ఒకదాన్ని ఇక్కడ పరిశీలిస్తున్నాం. పుస్తకం మొత్తాన్ని కాదు, స్ట్రింగ్స్ (వరసగా పేర్చిన అక్షరాలు) పాఠాన్ని. అందులోనూ ఒక స్ట్రింగులో ఒక అక్షరం ఎక్కడుందో వెతికే ప్రోగ్రాంని.

ఆ ఒక్క ప్రోగ్రాం మీద ఇంత పట్టింపు ఎందుకంటే, జేఎన్‌టీయూ హైదరాబాద్ 2018 నాటి ఆర్18 సిలబస్ మొదటి ఏడాది ల్యాబ్ జాబితాలో అది పేరుపెట్టి ఉంది: స్ట్రింగులో అక్షరం ఉంటే దాని స్థానం చూపాలి, లేకపోతే మైనస్ 1 చూపాలి. ఇంటర్వ్యూల్లో కూడా పాయింటర్లు (మెమరీ చిరునామాలు దాచుకునేవి) వచ్చో రాదో చూడటానికి ఇదే అడుగుతారు. పది లైన్లు దాటని ఈ ప్రోగ్రాంలో అర్రే (వరసగా ఉన్న గడులు), లూపు (మళ్లీ మళ్లీ నడిచే భాగం), పోలిక, ఇన్‌పుట్ తీసుకోవడం, స్ట్రింగు ముగింపు అన్నీ ఉన్నాయి. ఇక్కడ తప్పు నేర్చుకుంటే ఆ తప్పు తర్వాతి పాఠాలన్నిటికీ వెంట వస్తుంది.

కొనొచ్చా అంటే, కొనొచ్చు. అయిదుకు మూడు మార్కులు. పాయింటర్ల పాఠం నిజంగా బాగుంది. స్ట్రింగ్స్ పాఠాన్ని మాత్రం ఎర్ర పెన్ను చేతిలో పట్టుకుని చదవాలి.

ముందు మంచి సంగతి. స్ట్రింగు మెమరీలో ఎలా ఉంటుందో వేసిన బొమ్మ చాలా పుస్తకాల్లో లేనంత స్పష్టంగా ఉంది. హైదరాబాద్ పేరును ఇంగ్లీషు అక్షరాల్లో గడికి ఒకటి చొప్పున రాశారు: హెచ్, వై, డీ, ఈ, ఆర్, ఏ, బీ, ఏ, డీ. కింద 0 నుంచి 8 దాకా ఇండెక్సులు. తొమ్మిదో ఇండెక్సులో స్ట్రింగు ముగిసిందని చెప్పే నల్ క్యారెక్టర్, అంటే బ్యాక్‌స్లాష్ జీరో. అక్షరాలు తొమ్మిది, గడులు పది. అర్రే సైజు 9 ఇస్తే నల్‌కు చోటుండదన్న మాటకు పక్కన చుక్క కూడా పెట్టారు. డీ రెండుసార్లు వస్తుంది కాబట్టి (ఇండెక్సు 2, ఇండెక్సు 8) వెతుకులాటకు ఈ పేరు మంచి ఉదాహరణ. మేమూ దాన్నే వాడుకుంటాం.

ఇక నోట్స్‌లో ఉన్న ప్రోగ్రాం. ఎస్ అనే 20 గడుల క్యార్ (అక్షరం) అర్రే, సీహెచ్ అనే క్యార్, ఐ అనే ఇంట్ (పూర్ణాంకం). గెట్స్‌తో స్ట్రింగు తీసుకుంటారు, స్కాన్ఎఫ్‌లో పర్సెంట్ సీతో అక్షరం తీసుకుంటారు. ఫర్ లూపు సున్నా నుంచి మొదలై, ఐ విలువ స్టర్‌లెన్ (స్ట్రింగు పొడవు చెప్పే ఫంక్షన్) కన్నా తక్కువగా ఉన్నంతసేపూ తిరుగుతుంది. లోపల ఇఫ్ కండిషన్‌లో అక్షరం కలిస్తే "ఫౌండ్", ఎల్స్‌లో "నాట్ ఫౌండ్".

చూడగానే బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది. డీ కోసం నడిపి చూడండి. స్క్రీన్ మీద రెండు "నాట్ ఫౌండ్"లు, ఒక "ఫౌండ్", మళ్లీ అయిదు "నాట్ ఫౌండ్"లు, చివర ఇంకో "ఫౌండ్", మొత్తం తొమ్మిది లైన్లు పడతాయి. ఒక గడిలో కలవనంత మాత్రాన స్ట్రింగులో అక్షరం లేదని తేలదు. లేదని చెప్పాలంటే చివరిదాకా చూసి ఉండాలి. అంటే ఆ మాట లూపు బయటే రావాలి. ల్యాబ్‌లో ఎగ్జామినర్ మొదట చూసేది దీన్నే, మార్కులు పోయేదీ ఇక్కడే.

దిద్దుబాటు ఇది. పీఓఎస్ అని ఇంకో ఇంట్ పెట్టి దానికి మైనస్ 1 ఇవ్వండి. లూపులో అక్షరం కలిసిన వెంటనే పీఓఎస్‌లో ఐ విలువ వేసి బ్రేక్ చేయండి, అంటే లూపును అక్కడితో ఆపండి. ఎల్స్ మొత్తం కొట్టేయండి. లూపు అయ్యాక పీఓఎస్ ప్రింట్ చేయండి. కనబడితే ఇండెక్సు, కనబడకపోతే మొదట వేసిన మైనస్ 1 అలాగే మిగులుతుంది. ల్యాబ్ ప్రశ్న అడిగిందీ సరిగ్గా ఇదే. బ్రేక్ మరిచిపోతే డీకి 2 బదులు 8 వస్తుంది, అంటే మొదటిది కాదు, చివరిది. ఎగ్జామినర్ "చివరిసారి ఎక్కడుంది" అని ప్రశ్న మారిస్తే అప్పుడు బ్రేక్ తీసేస్తే చాలు.

స్థానం అన్నప్పుడు 0 నుంచి లెక్కా, 1 నుంచి లెక్కా అని అడిగి తెలుసుకోండి. 1 నుంచి కావాలన్నారని ప్రింట్ చేసే చోట పీఓఎస్‌కు 1 కలిపితే, అక్షరం లేనప్పుడు మైనస్ 1 కాస్తా 0 అయిపోతుంది. కలపాల్సింది లూపు లోపల, అక్షరం కలిసినప్పుడు మాత్రమే.

లూపు కండిషన్‌లో స్టర్‌లెన్ కూడా మార్చాల్సిందే. స్టర్‌లెన్‌కు పొడవు ముందే తెలియదు. పిలిచిన ప్రతిసారీ మొదటి గడి నుంచి నల్ దాకా నడిచి లెక్కపెడుతుంది. దాన్ని కండిషన్‌లో పెడితే లూపు తిరిగిన ప్రతిసారీ ఆ నడక మళ్లీ జరుగుతుంది. తొమ్మిది అక్షరాలకు ఇబ్బంది లేదు. లక్ష అక్షరాల స్ట్రింగులో లేని అక్షరాన్ని వెతికితే లక్ష సార్లు లక్ష, అంటే వెయ్యి కోట్ల గడులు చూడాలి. ఆప్టిమైజేషన్ (వేగం పెంచే సర్దుబాటు) ఆన్ చేస్తే కొత్త కంపైలర్లు (ప్రోగ్రాంను యంత్ర భాషలోకి మార్చేవి) కొన్నిసార్లు ఈ పిలుపును లూపు బయటికి లాగుతాయి. దాని మీద ఆధారపడకండి. ఎస్ ఆఫ్ ఐ (ఎస్‌లో ఇండెక్సు ఐ ఉన్న గడి) నల్ కానంతవరకు అని రాస్తే పొడవుతో పనే లేదు.

సరిగ్గా ఇక్కడే జిరాక్సు దెబ్బ తగులుతుంది. రెండో ప్రోగ్రాంలో ఈ కండిషన్ సరిగ్గానే రాశారు. కానీ కాపీకి కాపీ తీసేసరికి బ్యాక్‌స్లాష్ పాలిపోయి, కోట్స్ మధ్యలో ఉత్త సున్నా మిగిలింది. బ్యాక్‌స్లాష్ జీరో విలువ 0. కోట్స్‌లో ఉత్త సున్నా విలువ ఆస్కీలో (అక్షరాలకు అంకెలిచ్చే పట్టికలో) 48. రెండోదాన్ని టైపు చేస్తే లూపు స్ట్రింగు చివర ఆగదు, సున్నా అంకె ఎక్కడ కనబడితే అక్కడ ఆగుతుంది. హైదరాబాద్ పేరు పక్కన హైఫన్ పెట్టి జీపీఓ పిన్‌కోడు 500001 కలిపి ఇవ్వండి. హైఫన్ ఇండెక్సు 9, అయిదు 10, మొదటి సున్నా 11. లూపు అక్కడే ఆగిపోతుంది. చివరి అంకె 1 కోసం వెతికితే 15 రావాల్సింది పోయి మైనస్ 1 వస్తుంది. అసలు సున్నా అంకే లేని స్ట్రింగు ఇస్తే ఇంకా ఘోరం. లూపు అర్రే దాటి పక్క మెమరీలోకి పోతుంది, అక్కడ అక్షరం దొరికితే 37 అనో 52 అనో ఇండెక్సు చూపిస్తుంది, లేదా ప్రోగ్రాం కూలిపోతుంది. ఒక్క గీత పోయినందుకు ఇదంతా.

రెండు ఈక్వల్స్ గుర్తులు అంటుకుపోయి ఒక్కటిగా కనబడే చోట్లు ఈ పాఠంలోనే మాకు మూడు కనబడ్డాయి. ఇఫ్‌లో ఒక్క ఈక్వల్స్ పెడితే అది పోలిక కాదు. సీహెచ్‌ను ఎస్ ఆఫ్ ఐలో రాసేయడం. ఫలితం సున్నా కాదు కాబట్టి కండిషన్ ఎప్పుడూ నిజమే. ఏ అక్షరం వెతికినా ఇండెక్సు 0లో దొరికిందంటుంది, పైగా హెచ్ పోయి ఆ అక్షరం వచ్చి కూర్చుంటుంది. ఏ ఇన్‌పుట్‌కైనా జవాబు సున్నాయే వస్తుంటే ముందు ఈ గుర్తు చూడండి. అలాగే సింగిల్ కోట్స్, డబుల్ కోట్స్ తేడా కాగితం మీద చెరిగిపోతుంది. సింగిల్ కోట్స్‌లో ఉన్నది ఒక అక్షరం, అంటే ఒక అంకె. డబుల్ కోట్స్‌లో ఉన్నది స్ట్రింగు, వాడినచోట దాని చిరునామా. క్యార్‌ను చిరునామాతో పోలిస్తే ఎప్పటికీ కలవదు. ఫర్ బ్రాకెట్ తర్వాత ఒక చుక్కో, సెమికోలనో తేలక టైపు చేసేవాళ్లూ ఉంటారు. అది సెమికోలన్ అయితే లూపు ఖాళీగా చివరిదాకా తిరిగి, ఇఫ్ ఒక్కసారే, అదీ నల్ గడి మీద నడుస్తుంది. ఏం వెతికినా లేదనే వస్తుంది.

వీటిలో చాలావాటిని కంపైలరే పట్టిస్తుంది, అడిగితే. జీసీసీ అనే కంపైలర్‌ను పిలిచేటప్పుడు హైఫన్ వాల్ (-Wall), హైఫన్ వెక్స్‌ట్రా (-Wextra), హైఫన్ జీ (-g) ఇవ్వండి. ఇఫ్‌లో ఒక్క ఈక్వల్స్ ఉంటే లైను నంబరుతో వార్నింగ్ వస్తుంది. హైఫన్ ఎఫ్‌శానిటైజ్ ఈక్వల్స్ అడ్రెస్ (-fsanitize=address) కూడా చేరిస్తే అర్రే హద్దు దాటిన క్షణంలో ప్రోగ్రాం ఆగి ఏ లైనులో దాటిందో చెబుతుంది. నోట్స్‌లో వీటి గురించి ఒక్క ముక్క లేదు. కారణం, నోట్స్ మొత్తం టర్బో సి అనే పాత కంపైలర్ మీద నడుస్తుంది.

టర్బో సి గురించి పొడుగ్గా చెప్పనక్కర్లేదు. 64 బిట్ విండోస్ మీద దాన్ని డాస్‌బాక్స్‌లో (పాత డాస్ ప్రోగ్రాంలు నడిపే సాఫ్ట్‌వేర్‌లో) నడపాలి. మీ కాలేజీ ల్యాబ్‌లో అదే ఉంటే నోట్స్‌లో ఉన్నట్టే టైపు చేయండి. ఉబుంటులో జీసీసీ అయితే కోనియో హెడర్, క్లియర్ స్క్రీన్, చివర గెట్‌సీహెచ్ మూడూ తీసేసి, వాయిడ్ మెయిన్‌ను ఇంట్ మెయిన్ చేయండి. టర్బో సిలో ఇంట్ రెండు బైట్లు, గరిష్ఠం 32767 అన్నది మాత్రం గుర్తుంచుకోండి. నోట్స్ వెనక "ఇంట్ సైజు 2" అని బిట్ ప్రశ్నల్లో రాసిన జవాబు ఈనాటి మామూలు కంపైలర్‌కు 4.

గెట్స్ సంగతి వేరు. అది పాత అలవాటు కాదు, ప్రమాదం. గెట్స్‌కు మీ అర్రే ఎన్ని గడులో చెప్పే దారే లేదు. 20 గడుల అర్రేకి 30 అక్షరాలు కొడితే మిగతావి పక్కనున్న మెమరీ మీద రాసేస్తుంది. 1988 నవంబరులో ఇంటర్నెట్‌ను కుదిపేసిన మోరిస్ వర్మ్ (తనంతట తాను పాకే హానికర ప్రోగ్రాం) యంత్రాల్లోకి దూరిన దారుల్లో ఒకటి, ఫింగర్ సర్వర్‌లో ఉన్న గెట్స్ పిలుపే. 2011లో వచ్చిన సి11 ప్రమాణం గెట్స్‌ను భాషలోంచే తీసేసింది. లినక్స్‌లో జీసీసీ 14తో గానీ, ఆ తర్వాతి వెర్షన్‌తో గానీ మామూలుగా కంపైల్ చేస్తే ఈ నోట్స్ ప్రోగ్రాం ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. అలా ఆగడమే మంచిది.

దాని బదులు ఎఫ్‌గెట్స్ వాడండి: అర్రే పేరు, దాని సైజు, ఎస్‌టీడీఇన్ (కీబోర్డు ఇన్‌పుట్). సైజు 20 ఇస్తే 19 అక్షరాలే తీసుకుని నల్ పెడుతుంది. అయితే లైను పట్టినంతవరకు ఎంటర్ కొట్టిన న్యూలైన్ కూడా స్ట్రింగులోనే ఉంటుంది. హైదరాబాద్‌కు స్టర్‌లెన్ 9 బదులు 10 వస్తుంది. అక్షరం వెతకడానికి ఇది అడ్డం కాకపోవచ్చు, కానీ ఇదే పాఠంలో తర్వాతి పేజీలో ఉన్న పాలిండ్రోమ్ (ముందు నుంచీ వెనక నుంచీ ఒకేలా ఉండే మాట) ప్రోగ్రాం దీనివల్లే తప్పు చెబుతుంది. న్యూలైన్ తీయడానికి నమ్మకమైన పద్ధతి స్టర్‌సీస్పాన్ (strcspn). న్యూలైన్ ఎన్నో ఇండెక్సులో ఉందో అది చెబుతుంది, ఆ గడిలో నల్ వేయాలి. న్యూలైన్ లేకపోతే స్ట్రింగు పొడవే ఇస్తుంది కాబట్టి ఉన్న నల్ మీదే నల్ పడుతుంది, హాని లేదు. స్టర్‌లెన్‌లోంచి 1 తీసేసి ఆ గడిలో నల్ పెట్టే పద్ధతి చాలామంది వాడతారు. లైను పొడవై న్యూలైన్ పట్టకపోతే అది అసలు అక్షరాన్నే మింగేస్తుంది.

ఇన్‌పుట్ వరసలో ఇంకో ఉచ్చు ఉంది. నోట్స్ మూడో ప్రోగ్రాం స్కాన్ఎఫ్‌లో పర్సెంట్ ఎస్‌తో స్ట్రింగు, వెంటనే పర్సెంట్ సీతో అక్షరం తీసుకుంటుంది. నడిపితే అక్షరం అడిగినట్టే అడిగి, మీరు ఏమీ కొట్టకముందే "నాట్ ఫౌండ్" అంటుంది. పర్సెంట్ ఎస్ న్యూలైన్‌ను బఫర్‌లోనే (కొట్టినవి నిలవుండే చోటే) వదిలేస్తుంది, పర్సెంట్ సీ దాన్నే అక్షరంగా తీసుకుంటుంది. విరుగుడు చిన్నది: పర్సెంట్‌కు ముందు ఒక ఖాళీ. ఆ ఖాళీ ఉంటే స్కాన్ఎఫ్ న్యూలైన్లు, స్పేసులు దాటేసి అసలు అక్షరం కోసం ఆగుతుంది. అయితే అప్పుడు స్పేసును వెతకాలనుకుంటే కుదరదు. దానికి గెట్‌క్యార్ వాడాలి, ఫలితం ఇంట్‌లో పెట్టుకోవాలి. వరస తిరగేసి ముందు అక్షరం, తర్వాత ఎఫ్‌గెట్స్‌తో స్ట్రింగు తీసుకున్నా ఇదే చిక్కు. ఎఫ్‌గెట్స్‌కు మిగిలిపోయిన న్యూలైన్ ఒక్కటే దొరికి ఖాళీ లైను వస్తుంది. ఇక పర్సెంట్ ఎస్ స్పేసు దగ్గర ఆగిపోతుందని, 20 గడులకు పర్సెంట్ 19 ఎస్ అని హద్దు రాయాలని మార్జిన్‌లో రాసుకోండి.

తర్వాత స్టర్‌చర్. కీబోర్డు మీద ఎస్, టీ, ఆర్, సీ, హెచ్, ఆర్. లూపు రాయకుండా వెతికే లైబ్రరీ ఫంక్షన్ ఇది, స్ట్రింగ్ హెడర్‌లో ఉంటుంది. పాఠం మొత్తంలో దీనికి దక్కింది అరపేజీ, అందులో మొదటి వాక్యమే తప్పు: "రిటర్న్స్ పొజిషన్" అని రాశారు. స్టర్‌చర్ ఇచ్చేది పొజిషన్ కాదు, ఆ అక్షరం ఉన్న గడి చిరునామా, అంటే క్యార్ పాయింటర్. అక్షరం లేకపోతే నల్ పాయింటర్, అంటే దేన్నీ చూపని చిరునామా. వచ్చినదాన్ని పర్సెంట్ డీతో ప్రింట్ చేసి ఏదో పెద్ద అంకె వచ్చిందని తికమకపడేవాళ్లందరికీ మూలం ఈ ఒక్క వాక్యం. దాన్ని పర్సెంట్ ఎస్‌తో ప్రింట్ చేస్తే ఆ అక్షరం నుంచి చివరిదాకా స్ట్రింగు వస్తుంది. హైదరాబాద్‌లో డీ వెతికితే మొదటి రెండు అక్షరాలు పోయి మిగతా ఏడూ పడతాయి. ఇండెక్సు కావాలంటే ఆ పాయింటర్‌లోంచి ఎస్‌ను తీసేయాలి. దాన్ని ప్రింట్ చేయడానికి పర్సెంట్ టీడీ.

తీసివేతకు ముందు నల్ కాదని చూసుకోవడం తప్పనిసరి. నోట్స్‌లో ఆ పరీక్ష లేదు. టర్బో సిలో అది లేకపోయినా ప్రోగ్రాం ఏదో ఒకటి చూపించి ముందుకు పోతుంది, మెమరీకి కాపలా లేదు కాబట్టి. లినక్స్‌లో నల్ చిరునామాలోకి చూడబోతే సెగ్మెంటేషన్ ఫాల్ట్ అని ప్రోగ్రాం కూలిపోతుంది. మా లెక్కలో ఈ పాఠంలో అతి పెద్ద లోపం ఇదే. లేని అక్షరాన్ని వెతకడం అసాధారణమేమీ కాదు, సగం సార్లు జరిగేది అదే.

ఇంటర్వ్యూలో అడిగే కొసమెరుపు ఒకటి ఉంది. స్టర్‌చర్ దృష్టిలో చివరి నల్ కూడా స్ట్రింగులో భాగమే. నల్ క్యారెక్టర్ వెతకమంటే నల్ పాయింటర్ ఇవ్వదు, ముగింపు గడి చిరునామా ఇస్తుంది. ఇది ఎక్కడ కుట్టుతుందంటే, వవెల్స్ (ఇంగ్లీషు అచ్చులు) లెక్కపెట్టే ప్రోగ్రాంలో. నోట్స్ అక్కడ పది పోలికలను ఆర్‌లతో కలిపి రెండు లైన్ల కండిషన్ రాసింది. వవెల్స్ పదింటినీ ఒక స్ట్రింగుగా పెట్టి, ప్రతి అక్షరాన్ని అందులో స్టర్‌చర్‌తో వెతికితే ఒక్క లైనులో అయిపోతుంది. కానీ లూపు నల్ గడిని కూడా తాకేలా రాస్తే ఆ నల్ కూడా వవెల్‌గా లెక్కలో పడుతుంది. జవాబు ఎప్పుడూ ఒకటి ఎక్కువ వస్తుంటే కారణం అది.

అన్ని చోట్లా ఎక్కడెక్కడ ఉందో చూపాలంటే, దొరికిన గడికి తర్వాతి గడి నుంచి మళ్లీ స్టర్‌చర్‌ను పిలవాలి, నల్ పాయింటర్ వచ్చేదాకా. ఆ ఒక్క గడి ముందుకు జరగడం మరిచిపోతే అదే డీ మళ్లీ మళ్లీ దొరుకుతూ స్క్రీన్ నిండా 2 2 2 పడుతుంది. అలాగే ఈ లూపుకు నల్ క్యారెక్టర్‌ను మాత్రం ఇవ్వకూడదు. ముగింపు గడి దాటి వెతుక్కుంటూ పోతుంది.

మిగతా కుటుంబం గురించి నోట్స్‌లో పేర్లు కూడా లేవు, అందుకే క్లుప్తంగా. చివరిసారి ఎక్కడుందో కావాలంటే మధ్యలో ఇంకో ఆర్ ఉన్న స్టర్‌ఆర్‌చర్. రెజ్యూమ్ ఫైలు పేరులో రెండు చుక్కలుంటే ఎక్స్‌టెన్షన్ ఏదో తేల్చడానికి వాడాల్సింది ఇదే, స్టర్‌చర్ కాదు. నాలుగైదు అక్షరాల్లో ఏది ముందు కనబడినా చాలంటే స్టర్‌పీబ్రేక్ (strpbrk). నల్ ముగింపు లేని డేటా, అంటే ఫైల్లోంచో నెట్‌వర్క్‌లోంచో చదివిన బైట్లు అయితే మెమ్‌చర్. దానికి ఎన్ని బైట్లు చూడాలో మూడో ఆర్గ్యుమెంట్‌గా చెప్పాలి. నల్ లేని అర్రేని స్టర్‌చర్‌కు ఇస్తే హద్దు దాటి పోతుంది.

పెద్ద అక్షరం, చిన్న అక్షరం తేడా లేకుండా వెతకడానికి నోట్స్ 32 కలిపే చిట్కా ఇచ్చింది. పెద్ద ఏ 65, చిన్న ఏ 97, తేడా 32, అంతవరకు నిజమే. కానీ పెద్ద అక్షరమేనా అని చూడకుండా అన్నిటికీ కలుపుతోంది. హైఫన్ విలువ 45. దానికి 32 కలిపితే 77, అంటే పెద్ద ఎమ్. పిన్‌కోడు ముందున్న హైఫన్ ఎమ్ అయిపోతుంది, లేని అక్షరం దొరుకుతుంది. పెద్ద అక్షరాన్ని చిన్నదిగా మార్చే టులోయర్ ఫంక్షన్ వాడండి. వాడేటప్పుడు విలువను అన్‌సైన్డ్ (మైనస్ లేని) క్యార్‌గా మార్చి ఇవ్వండి. ఇంటెల్ తరహా యంత్రాల మీద జీసీసీలో క్యార్ సైన్డ్, 127 దాటిన బైట్లన్నీ మైనస్ అంకెలవుతాయి, టులోయర్ వాటికి సిద్ధంగా ఉండదు.

127 దాటిన బైట్లు మనకెందుకు అనుకోకండి. తెలుగు మొత్తం అక్కడే ఉంది. ఈ పాఠం చదివిన పిల్లలు ఇంటికెళ్లి మొదట చేసే ప్రయోగం తమ పేరును తెలుగులో ఇచ్చి అక్షరం వెతకడం. నోట్స్‌కు ఆ ఊసే లేదు కాబట్టి కొంచెం నెమ్మదిగా చూద్దాం.

యూటీఎఫ్-8లో (అన్ని భాషల అక్షరాలనూ బైట్లుగా రాసే పద్ధతిలో) తెలుగు అక్షరాలు, గుణింతపు గుర్తులు ఒక్కొక్కటి మూడు బైట్లు. "తెలుగు" అన్న మాటలో త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము, మొత్తం ఆరు గుర్తులు, పద్దెనిమిది బైట్లు. స్టర్‌లెన్ 18 అంటుంది. స్టర్‌చర్ చూసేది ఒక్క బైటునే. సింగిల్ కోట్స్‌లో "ఆ" అని రాస్తే జీసీసీ ఒకటికన్నా ఎక్కువ క్యారెక్టర్లున్నాయని వార్నింగ్ ఇచ్చి ముందుకు పోతుంది, క్లాంగ్ అనే ఇంకో కంపైలర్ అయితే ఎర్రరే ఇస్తుంది. జీసీసీ ఆ మూడు బైట్లనూ ఒక ఇంట్‌గా కూర్చుతుంది: 224, 176, 134. స్టర్‌చర్ దాన్ని క్యార్‌గా మార్చుకునేటప్పుడు చివరి బైటు 134 ఒక్కటే మిగులుతుంది. ఇప్పుడు "తెలుగు" బైట్లు చూడండి: త 224, 176, 164. ఎత్వం 224, 177, 134. అదిగో 134, ఇండెక్సు 5లో. "తెలుగు"లో "ఆ" ఉందని ప్రోగ్రాం నిబ్బరంగా చెబుతుంది. ఎర్రర్ రాదు, కూలిపోదు, జవాబు మాత్రం తప్పు.

విరుగుడు స్టర్‌స్టర్, స్ట్రింగులో ఇంకో స్ట్రింగును వెతికే ఫంక్షన్. "ఆ"ను డబుల్ కోట్స్‌లో స్ట్రింగుగా ఇచ్చి వెతికితే మూడు బైట్లూ వరసగా కలిస్తేనే దొరికినట్టు. యూటీఎఫ్-8 కట్టుబడి వల్ల ఒక అక్షరం తోక, పక్క అక్షరం తల కలిసి ఇంకో అక్షరంలా భ్రమ పుట్టించే వీలు లేదు. రెండు సంగతులు మాత్రం తెలిసి ఉండాలి. ఒకటి, వచ్చే ఇండెక్సు బైట్లలో ఉంటుంది. అంతా తెలుగే అయితే మూడుతో భాగిస్తే ఎన్నో గుర్తో తెలుస్తుంది. మధ్యలో స్పేసో, ఇంగ్లీషు అంకెలో ఉంటే ఒక బైటు గుర్తులు కలిసి ఆ లెక్క తప్పుతుంది. రెండు, "క" వెతికితే "కి"లోనూ, "కా"లోనూ దొరుకుతుంది. "కి" అన్నది మెమరీలో క, దాని వెనక గుడి. విడిగా ఉన్న "క" మాత్రమే కావాలంటే తర్వాతి మూడు బైట్లు గుణింతపు గుర్తో, పొల్లో కాదని కూడా చూడాలి.

చేత్తో లూపు రాసి బైటును 224తో పోలిస్తే ఇంకో దెబ్బ. ఇంటెల్ యంత్రం మీద క్యార్ సైన్డ్ కాబట్టి ఆ గడిలో ఉన్నది పోలిక సమయానికి మైనస్ 32 అవుతుంది, 224తో ఎప్పటికీ కలవదు. ఏఆర్ఎమ్ లినక్స్ మీద క్యార్ అన్‌సైన్డ్, అదే కోడు అక్కడ సరిగ్గా నడుస్తుంది. ల్యాప్‌టాప్‌లో రాని జవాబు రాస్ప్‌బెర్రీ పై (ఏఆర్ఎమ్ ప్రాసెసర్ ఉన్న చిన్న కంప్యూటర్) మీద వస్తే ఆశ్చర్యపోకండి. అర్రేని అన్‌సైన్డ్ క్యార్‌గా చూసి పోలిస్తే రెండు చోట్లా ఒకటే జవాబు. అలాగే 100 గడుల అర్రేలో ఎఫ్‌గెట్స్‌కు పట్టేది 99 బైట్లు, అంటే 33 తెలుగు గుర్తులే.

కొనేముందు షాపు దగ్గరే చూసుకోవాల్సినవి. నేరుగా స్ట్రింగ్స్ పాఠం తెరవండి. కోట్స్‌లో సున్నా ముందు బ్యాక్‌స్లాష్ కనబడుతోందా చూడండి. కనబడకపోతే అది మూడో తరం కాపీ, ఇంకో ప్రతి అడగండి. చాలా షాపుల్లో తల్లి ప్రతి వేరేగా ఉంటుంది, దాన్నుంచి తీసివ్వమంటే తీస్తారు. ఈక్వల్స్ గుర్తులు రెండుగా విడివిడిగా ఉన్నాయా చూడండి. స్టర్‌చర్ పేజీలో నల్ పరీక్ష ఉన్న ప్రతి దొరికితే, రెండు మూడు షాపులు తిరిగైనా సరే, అదే తీసుకోండి. టైపు చేసి ప్రింటు తీసిన నోట్స్ కూడా దొరుకుతాయి. గుర్తులు స్పష్టంగా ఉంటాయి గానీ, వర్డ్‌లో టైపు చేసిన కోట్స్ వంకరగా ఉంటాయి. వాటి సాఫ్ట్ కాపీ వాట్సాప్‌లో తెచ్చి అలాగే పేస్ట్ చేస్తే కంపైలర్ ఆ కోట్స్‌ను గుర్తించదు, స్ట్రే అంటూ వరసగా ఎర్రర్లు ఇస్తుంది. వాటిని చెరిపి కీబోర్డు మీద మళ్లీ కొట్టాలి.

బైండింగ్ చేసేముందు స్ట్రింగ్స్ పాఠం తర్వాత రెండు తెల్ల కాగితాలు వేయమని చెప్పండి, వేస్తారు. మొదటి కాగితం మీద దిద్దిన లూపు ప్రోగ్రాం, రెండోదాని మీద నల్ పరీక్షతో స్టర్‌చర్ ప్రోగ్రాం మీ చేతిరాతతో ఎక్కించండి. బ్యాక్‌స్లాష్‌ను మాత్రం ఒత్తి రాయండి, మీ పుస్తకానికీ రేపు ఎవరో ఒకరు జిరాక్సు తీస్తారు.